నువార్ పిచ్చి కొత్తగా పట్టినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో మా మిద్దె మీద ఆదివారం సాయంత్రం ఒక తెల్ల దుప్పటి కడతాం. ఒక పాత ప్రొజెక్టర్, ఏడెనిమిది ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కులో చాయ్. ఎండాకాలంలో చీకటి పడేసరికి ఏడు దాటుతుంది కాబట్టి అప్పటిదాకా పుస్తకాల ముచ్చట. మేం చదివేవి, చూసేవి ఎక్కువగా అమెరికా నేర కథలు: హార్డ్‌బాయిల్డ్ నవలలు, నువార్ సినిమాలు. కొత్తగా ఎవరొచ్చినా మొదటి అరగంట అవే సందేహాలు. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి, ఇక రాసి పెట్టాను. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టి చదువుకోవచ్చు. ఏ కథ ముగింపూ ఇందులో బయటపెట్టలేదు.

## మొదలుపెట్టకముందు

మామూలు డిటెక్టివ్ కథకీ మీ హార్డ్‌బాయిల్డ్ కథకీ తేడా ఏంది? రెండింట్లో హత్యే కదా?

హత్య రెండింట్లోనూ ఉంటుంది. ఊరు వేరు. మామూలు డిటెక్టివ్ కథలో అంతా సవ్యంగా ఉన్న ఇంట్లో ఒక శవం దొరుకుతుంది. డిటెక్టివ్ వచ్చి దోషిని పట్టిస్తాడు, ఇల్లు మళ్లీ సర్దుకుంటుంది. హార్డ్‌బాయిల్డ్ కథలో ఊరు ముందే కుళ్లి ఉంటుంది. మేయరు, పోలీసు, కాంట్రాక్టరు, పత్రికాఫీసు అందరికీ సంగతి తెలుసు. శవం దొరకడంతో ఆ వాసన బయటికి వస్తుంది, అంతే.

ఈ తీరు మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యుడు డాషియల్ హామెట్. ఆయన పింకర్టన్ డిటెక్టివ్ ఏజెన్సీలో నిజంగానే పనిచేశాడు. అందుకే ఆయన కథల్లో డిటెక్టివ్ మేధావి కాదు, కూలి మనిషి. రోజుకు ఇంత, ఖర్చులు అదనం, ఆఫీసుకు రిపోర్టు రాయాలి. కారణం ఉండి హత్యలు చేసే మనుషుల చేతికే హామెట్ హత్యను తిరిగి ఇచ్చాడని అదే బాటలో రాసిన రేమండ్ చాండ్లర్ 1944లో ఒక వ్యాసంలో రాశాడు. శవం కావాలి కాబట్టి శవాన్ని పెట్టే కథల మీద విసురు అది.

హార్డ్‌బాయిల్డ్, నువార్ రెండూ ఒకటేనా?

చుట్టాలు, కానీ ఒకే ఇల్లు కాదు. హార్డ్‌బాయిల్డ్ అంటే బాగా ఉడికి గట్టిపడిన గుడ్డు. అందులో నాయకుడు నేరానికి బయట ఉంటాడు. దెబ్బలు తింటాడు, అబద్ధాలు వింటాడు, అయినా తనదంటూ ఒక లెక్క తప్పడు. హామెట్, చాండ్లర్ ఇటువైపు. నువార్‌లో నాయకుడే బురదలో దిగుతాడు. జేమ్స్ ఎం. కెయిన్ రాసిన మనుషులు ఇన్సూరెన్సు ఏజెంట్లు, పనికోసం తిరిగేవాళ్లు. డిటెక్టివ్‌లు కారు. ఆశపడతారు, జారతారు.

నేను వాడే కొలత ఒకటుంది. కథ అయిపోయాక నాయకుడు తన గదికి పోయి పడుకోగలిగితే హార్డ్‌బాయిల్డ్. పోవడానికి గదే మిగలకపోతే నువార్. ఈ కొలతకు లొంగని కథలు బోలెడున్నాయి. వాటి గురించే మా మిద్దె మీద గొడవలన్నీ.

నోయిర్ అనాలా, నువార్ అనాలా?

ఫ్రెంచి మాట, నలుపు అని అర్థం. వాళ్ల నోట దాదాపు ‘న్వార్’ అని పలుకుతుంది. మీకు ఎట్లా తిరిగితే అట్లా అనండి. మా బ్యాచ్‌లో ఒకాయన ‘నాయర్ సినిమాలు’ అనేవాడు. రెండు వారాలు మలయాళం సినిమాల కోసం ఎదురుచూశాడు పాపం.

ఈ పేరు ఎవరు పెట్టారు? ఆ సినిమాలు తీసినవాళ్లేనా?

కాదు. తీసినవాళ్లకు అవి క్రైమ్ సినిమాలు, మెలోడ్రామాలు. యుద్ధకాలంలో జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సుకు అమెరికా సినిమాలు రాలేదు. యుద్ధం ముగిశాక నాలుగైదేళ్ల సినిమాలు ఒక్కసారిగా పారిస్‌లో పడ్డాయి. విడివిడిగా చూసిన అమెరికావాళ్లకు కనపడని పోలిక, వరసపెట్టి చూసిన ఫ్రెంచివాళ్లకు కనపడింది. 1946లో నినో ఫ్రాంక్ అనే విమర్శకుడు వాటిని ‘ఫిల్మ్ నువార్’ అన్నాడు. అంతకు ముందు ఏడాదే, 1945లో, అక్కడి గలిమార్ ప్రచురణ సంస్థ ‘సెరీ నువార్’ పేరుతో నేర నవలల వరస మొదలుపెట్టింది కాబట్టి మాట గాలిలోనే ఉంది. వీటి మీద మొదటి పూర్తి పుస్తకం కూడా ఫ్రెంచిలోనే, 1955లో వచ్చింది.

నా ఇంగ్లీషు అంతంత మాత్రమే. చదవగలనా?

హామెట్‌ను చదవగలరు. చిన్న వాక్యాలు, కళ్ల ముందు జరిగే పని, మాటలు. చాండ్లర్ దగ్గర కాస్త కష్టం. పోలికలు ఎక్కువ, ఆ కాలపు వీధి మాటలు ఎక్కువ. ‘గ్యాట్’ అంటే తుపాకి, ‘షేమస్’ అంటే ప్రైవేటు డిటెక్టివ్. ఇట్లాంటివి ఓ ఇరవై పట్టుబడితే బండి నడుస్తుంది.

ఈ వీధి మాటలతో ఎడిటర్లే బోల్తా పడ్డారు. ‘ది మాల్టీస్ ఫాల్కన్’లో హామెట్ ‘గన్సెల్’ అనే మాట వాడాడు. తుపాకి పట్టినవాడని అనుకుని ఎడిటర్ వదిలేశాడు. నిజానికి అది పెద్ద మగవాడు పక్కన ఉంచుకునే కుర్రవాణ్ణి అనే బూతు. ఆ పొరపాటు ఎంత పాకిందంటే, తర్వాత రాసినవాళ్లు తుపాకిగాడు అనే అర్థంలోనే వాడేశారు. కాబట్టి ఒకటి రెండు మాటలు అర్థం కాకపోతే టెన్షన్ పడకండి.

## చదవడం

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

కెయిన్ రాసిన ‘ది పోస్ట్‌మన్ ఆల్వేస్ రింగ్స్ ట్వైస్’, 1934. నూరు పేజీల చిల్లర. నల్లగొండలో బస్సెక్కి తెరిస్తే ఎల్బీనగర్ వచ్చేసరికి చాలావరకు అయిపోతుంది. గడ్డి లారీలో దొంగతనంగా పడుకున్నవాణ్ణి కిందికి తోసేయడంతో మొదలవుతుంది. మొదటి వాక్యంతోనే మనమూ రోడ్డు మీద పడతాం.

రెండోది ‘ది మాల్టీస్ ఫాల్కన్’, 1930. దీన్ని నెమ్మదిగా చదవండి. ఇందులో డిటెక్టివ్ శామ్ స్పేడ్ మనసులో ఏముందో హామెట్ ఒక్కచోట కూడా చెప్పడు. రెండో అధ్యాయం చూడండి. అర్ధరాత్రి చీకట్లో ఫోన్ మోగుతుంది. భాగస్వామి చచ్చిపోయాడన్న కబురు. స్పేడ్ బాధపడ్డాడా, ఊపిరి పీల్చుకున్నాడా? రచయిత చెప్పడు. అతను సిగరెట్ చుట్టుకోవడం మాత్రం చెబుతాడు: కాగితం వంపు, పొగాకు పరచడం, వేళ్ల కదలిక, నాలుకతో తడపడం. ఒక పేరా అంతా అదే. మన నవలల్లో అయితే ఆ చోట గుండె బరువెక్కి, కళ్లు చెమర్చి, గతం అంతా గుర్తుకొస్తుంది. ఇక్కడ చేతులు మాత్రమే కనపడతాయి. ఆ పేరా నచ్చితే మీరు మావాళ్లే. విసుగొస్తే బలవంతం లేదు.

ఆ తర్వాత చాండ్లర్ ‘ది బిగ్ స్లీప్’, 1939. ఆయనదే ‘ది లాంగ్ గుడ్‌బై’తో మాత్రం మొదలుపెట్టకండి. ఆయన డిటెక్టివ్ ఫిలిప్ మార్లోతో నాలుగైదు పుస్తకాల పరిచయం ఉంటేనే అందులోని అలసట తెలుస్తుంది.

బ్లాక్ మాస్క్, బ్లాక్ మాస్క్ అంటరు. అదేంది?

నాసిరకం కాగితం మీద అచ్చయిన అమెరికా కథల పత్రిక. ఆ కాగితం వల్లే ఇట్లాంటి పత్రికలకు ‘పల్ప్’ అని పేరు. 1920లో హెచ్.ఎల్. మెంకెన్, జార్జ్ జీన్ నేథన్ మొదలుపెట్టారు. తమ సాహిత్య పత్రికను బతికించుకోవడానికి డబ్బు కావాలి, అందుకని. కొద్దికాలానికే అమ్మేశారు కూడా. 1922 ఆఖర్లో కారల్ జాన్ డాలీ, హామెట్ అందులో రాయడం మొదలుపెట్టారు. 1926లో జోసెఫ్ షా సంపాదకుడయ్యాక పత్రికకు ఒక గొంతు వచ్చింది. ఆయిల్ కంపెనీలో ఉద్యోగం పోగొట్టుకున్న చాండ్లర్ మొదటి కథ 1933లో అచ్చయిందీ ఇక్కడే. అప్పటికి ఆయన వయసు 45. నలభై దాటినవాళ్లు మా మిద్దె మీద ఈ మాట రెండుసార్లు చెప్పించుకుంటారు.

తెలుగులో ఇట్లాంటివి లేవా?

డిటెక్టివ్ సాహిత్యం దండిగా ఉంది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఒక తరాన్ని నిద్రపోనివ్వలేదు. ఆరుద్ర కూడా డిటెక్టివ్ నవలలు రాశాడు. మధుబాబు షాడో కోసం అద్దె పుస్తకాల షాపుల్లో వంతులు ఉండేవి. కానీ నా లెక్కలో ఇవి నువార్ కావు. యుగంధర్ ఉన్నాడంటే న్యాయం జరుగుతుందని మొదటి పేజీలోనే భరోసా. షాడోది గూఢచారి సాహసం. ఆ భరోసా లేని పుస్తకాన్ని అప్పటి పాఠకుడు అద్దెకు తీసుకునేవాడా అంటే నాకు అనుమానమే.

నా చిన్నప్పుడు మా వీధి షాపులో అద్దెకు తెచ్చిన ఒక పాకెట్ నవలకు ఆఖరి ఆరు పేజీలు లేవు. హంతకుడెవరో ఇప్పటికీ తెలియదు. ఆ లెక్కన నేను చదివిన మొదటి నువార్ అదే.

నల్లగొండలో ఈ పుస్తకాలు ఎక్కడ దొరుకుతయి?

ఇక్కడ ఆశ పెట్టుకోవద్దు. ఆదివారం పొద్దున హైదరాబాద్ పోయి అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకండి, లేదా కోఠి పాత పుస్తకాల షాపుల్లో. పాత పెంగ్విన్ నేర నవలలకు ఆకుపచ్చ అట్ట ఉంటుంది, దూరం నుంచే పట్టేయొచ్చు. కొనేముందు ఆఖరి పేజీ ఉందో లేదో చూడండి. చదవకండి, ఉందో లేదో చూడండి చాలు.

## చూడటం

మొట్టమొదట ఏ సినిమా చూడాలి?

‘డబుల్ ఇండెమ్నిటీ’, 1944. బిల్లీ వైల్డర్ తీశాడు, కెయిన్ కథ, చాండ్లర్‌తో కలిసి స్క్రీన్‌ప్లే. ఇన్సూరెన్సు ఏజెంటు అర్ధరాత్రి ఆఫీసుకొచ్చి, నేనే చంపాను అని డిక్టాఫోన్‌లో, అంటే మాట రికార్డు చేసే యంత్రంలో, చెప్పుకోవడంతో మొదలు. ఎవరు చంపారన్న ప్రశ్న మొదటి ఐదు నిమిషాల్లోనే తీసి పక్కన పెడతారు. ఇక మిగిలింది ఎట్లా జారాడన్నదే. సుమారు 16వ నిమిషంలో ఆఫీసు వరండాలో కూర్చుని చదువుకుంటున్న కళ్లద్దాల మనిషి చాండ్లరే.

రెండో వారం ‘అవుట్ ఆఫ్ ది పాస్ట్’, 1947. మూడో వారం ‘ది థర్డ్ మ్యాన్’, 1949. యుద్ధంలో కూలిన వియన్నాలోనే తీశారు. డబ్బు ఖర్చు పెట్టకుండా చూడాలంటే ‘డీటూర్’, 1945. అమెరికాలో కాపీరైట్ లేకుండా పోయింది కాబట్టి ఇంటర్నెట్‌లో తేలిగ్గా దొరుకుతుంది. గంటా పది నిమిషాలు కూడా లేదు. న్యూయార్క్ వీధి సెట్ కట్టే డబ్బుల్లేక మంచు పొగ వదిలి సరిపెట్టారు. ఆ పొగే సినిమాకు అందం.

ఎందుకంత చీకటి? ఫోన్‌లో ఏమీ కనపడుతలేదు.

ముందు గదిలో లైటు ఆర్పండి, ఫోన్ వెలుతురు పెంచండి. వీలైతే ఫోన్ వదిలి గోడ మీద చూడండి.

ఇక చీకటి సంగతి. మామూలుగా నటుడి మొహం మీద ఒక పెద్ద లైటు వేసి, దాని వల్ల పడే నీడను చెరపడానికి పక్కనుంచి ఇంకొకటి వేస్తారు. ఈ రెండోదాన్ని ఆర్పేస్తే సగం మొహం పోతుంది. కిటికీ పట్టీల సందుల్లోంచి లైటు కొడితే మనిషి మీద జైలు ఊచలు పడతాయి. హిట్లర్ వచ్చాక జర్మన్ సినిమా నుంచి పారిపోయి వచ్చిన ఫ్రిట్జ్ లాంగ్, రాబర్ట్ సియోడ్‌మాక్, వైల్డర్ లాంటివాళ్లకు ఈ నీడల భాష బాగా తెలుసు. ఇంకో కారణం జేబు. యుద్ధకాలంలో ఒక సినిమాకు కొత్త సెట్ సామానుపై 5,000 డాలర్లు దాటొద్దని ప్రభుత్వం పరిమితి పెట్టింది. సెట్టు సగమే ఉంటే మిగతా సగానికి చీకటే గోడ.

మనకు దీన్ని చూపించడానికి హాలీవుడ్ దాకా పోనక్కర్లేదు. నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయానికి పోండి. గర్భగుడిలో లింగం వెనక స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలబడి ఉంటుంది. ఏ స్తంభానిదా అని వెనక్కి తిరిగి వెతుకుతాం, తేలదు. మా బ్యాచ్‌లో కొత్తవాళ్లను ముందు అక్కడికే తీసుకుపోతాం. నీడ ఉంది, నీడ వేసినవాడు కనపడడు. వెలుతురు పాఠం అక్కడితో సగం అయిపోతుంది.

కథ సగం అర్థం కాలేదు. నాదే తప్పా?

‘ది బిగ్ స్లీప్’ చూసి ఉంటారు. మీది తప్పు కాదు. 1946లో విడుదలైన ఆ సినిమా తీస్తున్నప్పుడు, కథలో కారు డ్రైవరును చంపిందెవరో తీసేవాళ్లకే అంతుపట్టక చాండ్లర్‌ను అడిగారు. తనకూ తెలియదని ఆయన జవాబు. సినిమా మాత్రం ఆడింది. చిక్కుముడి విప్పే పని మానేసి, ఒక్కో గదిలో ఎవరు ఎవరికి అబద్ధం చెబుతున్నారో చూడండి.

ఆడవాళ్లంతా మోసగత్తెలేనా ఇందులో?

మా బ్యాచ్‌లో ఒక లెక్చరర్ మేడమ్ మూడో వారమే అడిగారు, న్యాయమైన ప్రశ్న. మగవాణ్ణి ముంచే అందగత్తె ఈ సినిమాల్లో తరచుగా వస్తుంది. యుద్ధానికి పోయిన మగవాళ్లు తిరిగొచ్చేసరికి ఆడవాళ్లు ఉద్యోగాల్లో ఉన్నారు. ఆ భయం కథల్లోకి ఎక్కిందంటారు. నాకు తోచేది ఇంకొకటి. ఆమె ఒక్క అబద్ధం చెబితే, వాడు తనకు తాను పది చెప్పుకుంటాడు. కథ చెప్పేది వాడే కాబట్టి నింద ఆమె మీదికి పోతుంది. వాడి గొంతును నమ్మకుండా ఇంకోసారి చూడండి, సినిమా మారిపోతుంది.

పైగా దీన్ని కట్టినవాళ్లలో ఆడవాళ్లు తక్కువేం కాదు. ‘ది బిగ్ స్లీప్’ స్క్రీన్‌ప్లే రచయితల్లో లీ బ్రాకెట్ ఒకరు. పేరు చూసి మగవాడనుకునే దర్శకుడు పిలిపించాడు. ‘లారా’ నవల వెరా కాస్‌పరీది. నటి ఐడా లూపినో 1953లో ‘ది హిచ్-హైకర్’కు దర్శకత్వం వహించింది. అందులో ముగ్గురు మగవాళ్లు, ఒక కారు, ఒక తుపాకి. డొరొతీ బి. హ్యూజ్ 1947 నవల ‘ఇన్ ఎ లోన్లీ ప్లేస్’ అయితే ఆడవాళ్లను చంపే మగవాడి తలలో కూర్చోబెట్టి మనకు ఊపిరాడనివ్వదు. మేడమ్‌కు ఆ పుస్తకం ఇచ్చాను. ఏడాదైంది, తిరిగి రాలేదు.

తప్పు చేసినవాడికి ప్రతి సినిమాలో శిక్ష ఎందుకు పడాలి?

నిబంధన కాబట్టి. సినిమాలో ఏం చూపొచ్చో, ఏం చూపకూడదో చెప్పే ప్రొడక్షన్ కోడ్‌ను 1934 నుంచి హాలీవుడ్‌లో గట్టిగా అమలు చేశారు. నేరం చేసినవాడు తప్పించుకుపోకూడదు. ‘పోస్ట్‌మన్’ నవల 1934లో వస్తే, హాలీవుడ్‌లో సినిమాగా రావడానికి 1946 దాకా ఆగాల్సి వచ్చింది. అందుకే ఆఖరి ఐదు నిమిషాలను కోడ్‌కు ఇచ్చేసి, మిగతా గంటన్నరలో చెప్పదలచుకున్నది చెప్పారు.

మన దేశంలో తీసినవి ఉన్నయా?

గురుదత్ ‘బాజీ’, 1951. రాజ్ ఖోస్లా ‘సీఐడీ’, 1956. తమిళంలో ఎస్. బాలచందర్ ‘అంద నాళ్’, 1954, పాటలే లేవు. ఆ రోజుల్లో అది ఎంత సాహసమో ఊహించుకోండి. ఈమధ్యవాటిలో శ్రీరామ్ రాఘవన్ ‘జానీ గద్దార్’, 2007. తెలుగులో ‘అనుకోకుండా ఒక రోజు’, 2005, ఆ అంచుదాకా వచ్చిందంటాను నేను. మావాళ్లలో సగం మంది ఒప్పుకోరు.

## ముదిరాక

రంగుల్లో ఉంటే నువార్ కాదా?

అవుతుంది. 1945లోనే ‘లీవ్ హర్ టు హెవెన్’ టెక్నికలర్‌లో వచ్చింది. సాధారణంగా 1941 ‘మాల్టీస్ ఫాల్కన్’ సినిమా నుంచి 1958 ‘టచ్ ఆఫ్ ఈవిల్’ దాకా అసలు కాలం అంటారు. తర్వాత వచ్చినవాటిని నియో-నువార్ అంటారు.

‘చైనాటౌన్’ను మీ నల్లగొండోళ్లు నెత్తిన పెట్టుకుంటరెందుకు?

నీళ్ల కథ కాబట్టి. 1974 సినిమా, రాబర్ట్ టౌన్ రచన, 1937 లాస్ ఏంజెలస్‌లో జరుగుతుంది. ఒక ప్రైవేటు డిటెక్టివ్ మొగుడూపెళ్లాల కేసు అనుకుని చేతిలోకి తీసుకుంటాడు. తవ్వుతూ పోతే కరువులో ఉన్న ఊళ్లో రాత్రిపూట నీళ్లు సముద్రంలోకి వదిలేస్తున్నారని తేలుతుంది. దీని వెనక నిజం ఉంది. ఓవెన్స్ లోయ నీళ్లను 1913లో కాలువ తవ్వి లాస్ ఏంజెలస్‌కు మళ్లించారు. ఆ నీళ్లతో పచ్చబడబోయే శాన్ ఫెర్నాండో లోయ భూములను కొందరు పెద్దలు ముందే కొనిపెట్టుకున్నారు.

మర్రిగూడ, చండూరు వైపు ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన పెద్దవాళ్లను చూస్తూ పెరిగాం మేం. అదే జిల్లా అంచున 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కృష్ణ నీళ్లు పక్కనే పోతుంటే బోరు విషం తాగడమంటే ఏంటో మాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. కాలువ వస్తుందని ముందే తెలిసినవాడు ఏ సర్వే నంబర్లు కొంటాడో కూడా చెప్పాల్సిన పని లేదు. మా మిద్దె మీద ఈ సినిమా వేసిన రోజు చాయ్ చల్లారిపోయింది, ఎవరూ లేవలేదు.

నల్లగొండలో నువార్ కథ రాస్తే నమ్ముతరా? ఇక్కడ ప్రైవేటు డిటెక్టివ్‌లు ఎక్కడున్నరు?

డిటెక్టివ్‌ను వదిలేయండి. మన దేశంలో అతనికి చట్టపరమైన గుర్తింపే సరిగా లేదు. 2007లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు, చట్టం కాలేదు. ఉన్నవాళ్లు ఎక్కువగా పెళ్లి సంబంధాల వాకబు చేస్తారు. ఓవర్‌కోటు, టోపీ కూడా వదిలేయండి. మే నెలలో మిర్యాలగూడలో కోటు వేసుకున్నవాడు మొదటి అధ్యాయంలోనే వడదెబ్బకు పోతాడు.

మరెవరు? ఊరి రహస్యాలు జీతానికి మోసేవాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు కూర్చునే డాక్యుమెంట్ రైటర్‌కు ఒకే ప్లాటు ఎవరు ఎవరికి రెండుసార్లు అమ్మారో తెలుసు. డైలీ ఫైనాన్స్ కుర్రాడికి ఏ షటర్ వెనక ఎంత అప్పుందో తెలుసు. రైస్ మిల్లు గుమస్తాకు రెండు ఖాతా పుస్తకాలు. హైవే దాబాలో రాత్రి డ్యూటీ వాడికి ఏ కారు ఎవరితో ఆగిందో తెలుసు. వీళ్లలో ఒకరికి ఒక్కసారి ఆశ పుట్టించండి, చాలు.

మాట మన యాసలోనే పెట్టండి. చాండ్లర్ పోలికలు ఆయన ఊరి వీధుల్లోంచి వచ్చాయి. మన పోలికలు మన వెంచర్లలోంచి రావాలి. ‘వాని నవ్వు రిజిస్ట్రేషన్ కాని ప్లాటు లెక్క ఉన్నది’ అని మావాడొకడు రాశాడు. నాకు కుళ్లొచ్చింది.

హామెట్‌ను తెలుగులోకి తేవాలని ఉంది. కాపీరైట్ అడ్డం వస్తదా?

మన చట్టంలో రచయిత పోయిన ఏడాది తర్వాత 60 ఏళ్లు. హామెట్ 1961లో పోయాడు, చాండ్లర్ 1959లో. వాళ్ల జీవితకాలంలో అచ్చయినవాటికి ఇక్కడ గడువు తీరింది. కెయిన్ 1977లో పోయాడు కాబట్టి 2037 ఆఖరుదాకా అనుమతి కావాలి.

చట్టం కన్నా పెద్ద చిక్కు ‘యూ’. ఇంగ్లీషులో స్పేడ్ పోలీసునూ, సెక్రటరీనీ, గిరాకీ ఆమెనూ ఒకే మాటతో పిలుస్తాడు. తెలుగులో మీరా, నువ్వా? ఆమెను ఏ పేజీలో మీరు నుంచి నువ్వుకు దింపుతారో అక్కడ వాళ్లిద్దరి మధ్య ఏమైందో పాఠకుడికి తెలిసిపోతుంది. మనసు చెప్పకుండా చేతులే చూపిన హామెట్ రహస్యాన్ని మన సర్వనామం బయటపెట్టేస్తుంది. నేను మూడు అధ్యాయాలు చేశాను. మొదట అంతా మీరు పెట్టాను, బ్యాంకు మేనేజర్‌లా మాట్లాడాడు. అంతా నువ్వు పెట్టాను, రౌడీలా ఉన్నాడు. ఇప్పుడు వీలైనచోటల్లా కర్త లేకుండా రాస్తున్నాను: ‘ఎక్కడికి పోవాలి?’, ‘డబ్బు తెచ్చినట్టేనా?’ అని. నాలుగో అధ్యాయం ఇంకా బల్ల మీదే ఉంది.

ఆదివారం నేను రావొచ్చా? ఏమన్న తేవాల్నా?

రండి. చాయ్ మాది, మిర్చి మీది. ఫోన్ సైలెంట్‌లో ఉండాలి. ముందే చూసిన సినిమా అయితే నోరు మెదపొద్దు. పోయిన నెల ఒకాయన హంతకుడి పేరు ఇంటర్వెల్‌లో చెప్పేశాడు. ఇప్పుడాయన మెట్ల మీద కూర్చుని చూస్తున్నాడు.